పరుపు ఏడు దాకా లెక్కపెడుతుంది

హైదరాబాద్
3 జూలై 2006

ఒసేయ్ నస్రత్,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించి, కూర్చుని చదువు.

మన పరుపూ తాలూ టీవీలోకి వస్తున్నాయి.

నిజమేనే తల్లీ. పిల్లల ఛానెల్ వాళ్ళు మా స్టూడియోని పదమూడు ఎపిసోడ్ల బొమ్మల కామెడీ అడిగారు. తెలుగులో ఉండాలి, మన ఊళ్ళలా ఉండాలి అన్నారు. ఒక్కొక్కరు ఒక్కో రాకుమారుణ్ణి పట్టుకొచ్చారు. నాలుగేళ్ళుగా ఎవరో గీసిన బొమ్మలకు రంగులేస్తూ బతుకుతున్న నేను మాత్రం మన పాత లాంగ్ నోట్‌బుక్ తీసుకెళ్ళి డైరెక్టర్ సంజీవరావు గారి బల్ల మీద పెట్టాను. గుర్తుందా, మొదటి పేజీలో నీ గుండ్రటి అక్షరాలు: 'చెప్పింది నస్రత్, గీసింది లిడియా, ఏడో తరగతి బి సెక్షన్'. ఆయన నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని పూర్తి చేశారు.

ఎవరమ్మా ఈ కుక్కలు అన్నారు. చెప్పాను. పరుపు దూడంత ఉంటుంది, మా స్నేహితురాలి వాళ్ళ నాన్న పరుపులు కుట్టే షెడ్డు వెనక పనికిరాని దూదిలో పొర్లి తెల్లగా తిరుగుతుంది, కోడి అరిస్తే నా కాళ్ళ మధ్య దూరుతుంది అని. తాలు ఏమో పిల్లి అంత ఉంటుంది, కల్లంలో ఆడవాళ్ళు ఎర్ర మిరపకాయల్లోంచి ఏరి పక్కన పోసిన తాలుకాయల గుట్ట మీద దొరికింది కాబట్టి ఆ పేరు, అది లారీ టైర్లతో కూడా కొట్లాటకు దిగుతుంది అని. ఒకటి దూది, ఒకటి మిరపకాయ, జత భలే కుదిరింది అని నవ్వారు.

ఆయన అన్నిటికంటే దేనికి నవ్వారో తెలుసా. ఏ ఆపదొచ్చినా పరుపు కళ్ళు మూసుకుని ఏడు దాకా లెక్కపెడుతుంది చూడు, దానికి. అయిదు దగ్గర ఏదో పెద్ద చప్పుడవుతుంది, అయినా తెరవదు. ఏడు అనేసి తెరిస్తే పక్కన తాలు ఉండదు. ఇది ప్రతి ఎపిసోడ్‌లోనూ ఉండాలన్నారు. అయితే ఒక ప్రశ్న వేశారు. చప్పుడైనాక మధ్యలో కళ్ళెందుకు తెరవదు, పిల్లలు అడుగుతారు కదా అని. నాకు తెలీదండీ, చెప్పినదాన్ని అడుగుతానన్నాను.

నోట్‌బుక్‌లో కథలు ఎనిమిదే ఉన్నాయి. ఇంకా అయిదు కావాలి. ఫోన్లో చెప్పకు. నీ అక్షరాలు చూస్తే గానీ నాకు బొమ్మ కనపడదు.

నీ
లిడియా


చీరాల
15 జూలై 2006

లిడియా,

కూర్చునే చదివాను. చదివి లేచి షాపులోకి వెళ్ళి ముస్తాక్‌కి చెప్పాను. మా ఆయన సంగతి నీకు తెలుసుగా, పరుపు కుట్టే సూది కింద పెట్టకుండా "కుక్కలకి టీవీలో పనేంటి" అన్నాడు. సాయంత్రానికి బజార్లో అందరికీ ఆయనే చెప్పి వచ్చాడు.

నాకు మాత్రం రెండు రోజులు పని సాగలేదు. అన్నీ ఒకేసారి ముందుకొచ్చి కూర్చున్నాయి. మీ కల్లంలో కాయల మీద కప్పిన పట్టాల వాసన, దగ్గుతూ తాలు ఏరే మీ అమ్మ పున్నమ్మ పిన్ని, ఎండిన కాయల మధ్య నడిచి తుమ్ములు ఆపుకోలేక కూలబడే పరుపు. అంత పెద్ద కుక్క తుమ్మితే అదే ఉలిక్కిపడేది.

ఒక కథ రాస్తున్నాను. ఇక్కడికి దగ్గరేగా వాడరేవు, ఆదివారం మా పిల్ల షిరీన్‌ని తీసుకెళ్ళినప్పుడు తట్టింది. తాలు ఎండుచేపలు ఆరబెట్టిన వల మీద పడి, తను సముద్రాన్ని జయించానని ప్రకటిస్తుంది. పరుపు అలను చూసి కళ్ళు మూసుకుంటుంది. ఏడయ్యేసరికి తాలు పడవలో ఉంటుంది, పడవ నీళ్ళలో ఉంటుంది. మిగతాది వెనక పేజీలో ఉంది.

మీ డైరెక్టర్ గారి ప్రశ్నకి జవాబేముంది. భయం కాబట్టి తెరవదు. కుక్కని పట్టుకుని కారణాలడుగుతారా ఎవరైనా.

జక్రయ్య బాబాయ్ ఎలా ఉన్నారు? పెదకాకానిలోనేనా? నువ్వు మీ నాన్న మాట ఎప్పుడూ రాయవేమే.

నస్రత్


హైదరాబాద్
9 సెప్టెంబర్ 2006

నస్రత్,

వాడరేవు కథకి స్టూడియో అంతా పడిపడి నవ్వింది. ఇప్పుడు అందరూ ఏ పని ఆలస్యమైనా కళ్ళు మూసుకుని ఏడు లెక్కపెడుతున్నారు. ఇంకో మూడు కథలూ అందాయి. నువ్వు పరుపులమ్ముకునే దానివి కాదే, ఎక్కడో ఉండాల్సినదానివి.

కథలో ఒక లోటుందన్నారు సంజీవరావు గారు. తాలు మన ఊరి నుంచి గుంటూరు మిర్చి యార్డుకి ఎలా చేరిందో నువ్వు ఎక్కడా చెప్పలేదు. 'లారీలో పోయింది' అని ఒక్క ముక్క రాసి, యార్డులో అది రాజ్యమేలే కథలు మొదలుపెట్టేశావు. ఎక్కించిన విలన్ ఎవరో ఉండాలి అన్నారు. ఆ విలన్ని గీయడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. బొమ్మ ఇందులో పెడుతున్నాను, చూడు. గుబురు మీసాలు, తలకి తువ్వాలు, భుజం మీద బస్తా.

గుర్తుపట్టావుగా. మా నాన్నే.

ఆయన మాట ఎందుకు రాయనన్నావు కదా. ఆ ఏడాది తాలు ఆరబోసిన కాయలు చెల్లాచెదురు చేసినప్పుడల్లా "దీన్ని ఎప్పుడో లారీ ఎక్కిస్తా" అని ఆయన తిట్టడం నువ్వూ విన్నావు. తాలు పోయిన రోజు లారీలోకి బస్తాలు ఎత్తింది ఆయనే. లారీ మీద కుక్క మొరుగుతూ పోవడం టీకొట్టు నడిపే బుడే బాబాయ్ చూశాడు. ఇంకా ఏం సాక్ష్యం కావాలి? అడిగితే "నేను కాదమ్మా" అని ఒక్కసారి అన్నాడు, అంతే. గట్టిగా కూడా అనలేదు. అప్పటి నుంచి నాన్నతో అవసరమైన మాటే తప్ప మాట్లాడలేదు. కోల్డ్ స్టోరేజీలో కాపలా పని, అన్నయ్య దగ్గర ఉంటున్నాడు. క్రిస్మస్‌కి వెళ్తాను, చర్చి నుంచి అటే వచ్చేస్తాను.

నాకు అప్పుడు పన్నెండేళ్ళు. నువ్వే లేకపోతే ఏమైపోయేదాన్నో. రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని "తాలు ఈరోజు యార్డులో ఏం చేసిందో తెలుసా" అని మొదలుపెట్టేదానివి. ఆ కథల మీదే నేను బతికాను, ఇప్పుడు తింటున్న అన్నం కూడా వాటిదే.

చివరి ఎపిసోడ్‌లో తాలు ఇంటికి రావాలి. అది నువ్వే రాయాలి.

లిడియా


చీరాల
20 సెప్టెంబర్ 2006

లిడియా,

బొమ్మ అందింది. మీసాలు తీసెయ్యి. వీలైతే మనిషినే తీసెయ్యి. విలన్ లేకపోతే కథ నడవదని ఎవరన్నారు? ఇన్నాళ్ళూ నడిచిందిగా.

చివరి కథ నాకు రావడం లేదు. షాపులో పండగ పని ఎక్కువగా ఉంది.

నస్రత్


హైదరాబాద్
30 సెప్టెంబర్ 2006

నస్రత్,

ఏమిటే ఆ ఉత్తరం, కరెంటాఫీసు నోటీసులాగా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మా నాన్నని గీస్తే నీకెందుకు కోపం? ఆయన మీద నీకు జాలి ఉంటే ఉండనీ. నాకు లేదు.

నవంబరు చివరికల్లా కథ ఇవ్వాలి. లేకపోతే వేరెవరి చేతో రాయిస్తారు. వాళ్ళు తాలు చేత ఇంగ్లీషు పాట పాడిస్తారు, చూసుకో మరి.

లిడియా


చీరాల
12 అక్టోబర్ 2006

లిడియా,

రంజాన్ నెల. నిన్న పొద్దున షిరీన్ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతోంది. వీధికుక్క చేతిని నాకిందట. ఏడుసార్లు కడగాలని మా అత్తగారు నేర్పింది. అయిదేళ్ళ పిల్ల, ఎంత శ్రద్ధగా కడుగుతోందో. నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఇంక దాచలేను. చదివాక నన్ను ఏమైనా అను.

తాలుని లారీ ఎక్కించింది మీ నాన్న కాదు. నేను.

ఏడో తరగతిలో నా మొదటి రోజా ఉపవాసం అది. మార్చి నెల ఎండ. ఎవరి కంటా పడకుండా పొద్దు గడుపుదామని మీ కల్లానికి వచ్చాను. నువ్వు చర్చికి వెళ్ళావు. తాలు పరిగెత్తుకొచ్చి ఒళ్ళోకెక్కి మొహం, చేతులు అంతా నాకేసింది. అదే సమయానికి దారి మీద మా నాయనమ్మ వస్తూ కనపడింది. కరీమున్ ముసల్దంటే ఊరంతా హడలే, నేనెంత. కుక్క నాకితే రోజా పోదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలీదు. రోజా పోయిందనీ, అది నాయనమ్మకి తెలిస్తే చంపేస్తుందనీ అనుకున్నాను.

దాదాపు నింపేసిన లారీ నిలబడి ఉంది. తాలుని ఎత్తి మిరపకాయల టిక్కీ బస్తాల మధ్య సందులో పెట్టాను. కాసేపు ఉండవే, ఇప్పుడే వస్తా అన్నాను. వెనక బోరింగు దగ్గరికి పరిగెత్తాను. మొదటిసారి మట్టితో రుద్ది కడగాలి, తర్వాత నీళ్ళతో. మొత్తం ఏడుసార్లు. నాయనమ్మ చెప్పిన లెక్క. మధ్యలో ఆపితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి.

అయిదోసారి కడుగుతుండగా లారీ ఇంజను చప్పుడు వినపడింది.

విన్నాను లిడియా. వినపడలేదని అబద్ధమాడను. కళ్ళు గట్టిగా మూసుకుని ఆరు, ఏడు అన్నాను. తిరిగొచ్చేసరికి లారీ లేదు. దుమ్ములో పరుపు ఒక్కటే నిలబడి రోడ్డు వైపు చూస్తోంది. మీ డైరెక్టర్ గారికి చెప్పు, మధ్యలో కళ్ళెందుకు తెరవదో.

సాయంత్రం నువ్వు ఏడుస్తుంటే చెబుదామని వచ్చి కథ చెప్పాను. మర్నాడు చెబుదామనుకుని ఇంకో కథ చెప్పాను. నువ్వు నవ్వావు. నువ్వు నవ్వినాక నిజం చెప్పడం ఇంకా కష్టమైపోయింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అనేది నాయనమ్మ. నేను ఇన్నేళ్ళూ కడుగుతూనే ఉన్నాను.

మీ నాన్న మీద నీకు అనుమానమని ఒట్టు, నాకు తెలీదు. బాబాయ్ ముభావంగా ఉంటే అది ఆయన గుణం అనుకున్నాను. ఆ బొమ్మ చూసేదాకా తెలీదు.

నస్రత్


హైదరాబాద్
4 డిసెంబర్ 2006

నస్రత్,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదంటే రాయబుద్ధి కాలేదు. మూడుసార్లు రాసి చింపేశాను.

కుక్క సంగతికి నాకు కోపం లేదు. పన్నెండేళ్ళ పిల్ల చేసిన పొరపాటు. కానీ నువ్వు పాతికేళ్ళ దానివి కూడా అయ్యావు కదా. మధ్యలో ఎన్నిసార్లు కలిశాం. నీ పెళ్ళికి మా నాన్న గుంటూరు నుంచి వచ్చి, మీ షెడ్డు ముందు పందిరి గుంజలు పాతాడు. ఆ రోజు కూడా నేను ఆయన పక్కన కూర్చుని అన్నం తినలేదు. ఆయన తిన్న తర్వాత వేరే బంతిలో కూర్చున్నాను. నువ్వు వడ్డించావు.

నాకు చెప్పినది చాలు. నువ్వు చెప్పుకోవాల్సింది ఆయనకి. పెదకాకాని వెళ్ళి ఎదురుగా నిలబడి చెప్పు. చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

చివరి ఎపిసోడ్‌కి జనవరి దాకా గడువు తీసుకున్నాను. అది కూడా నీ కోసం కాదు.

లిడియా


చీరాల
22 డిసెంబర్ 2006

లిడియా,

వెళ్ళాను. మొన్న మంగళవారం ముస్తాక్‌ని తోడు రమ్మని, పెదకాకాని బస్టాపులో ఆయన్ని టీకొట్టు దగ్గరే ఉండమని, ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను.

కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర స్టూలు మీద ఉన్నారు. మీసాలు పూర్తిగా తెల్లబడ్డాయి. నన్ను చూసి "అల్లాబక్షు కూతురివి కదూ" అని లేచి ఆ స్టూలు నాకేశారు. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. అయిదో లెక్క దగ్గర చప్పుడు విన్న సంగతి కూడా.

తర్వాత ఆయన అన్న మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఆ లారీ వెనక డోరు వేసింది నేనేనమ్మా. లోపలికి చూసుకోకుండా వేశా. లిడియమ్మ అడిగితే నేను కాదన్నా. అన్నానే గానీ, గొళ్ళెం పెట్టింది నా చెయ్యే కదా. ఇంక గట్టిగా ఎట్టా అనేది?"

ఇంకొక సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ మర్నాడు ఆయన వేరే లారీ ఎక్కి గుంటూరు వెళ్ళారట. మూడు రోజులు యార్డులో బస్తాల వరసల మధ్య తాలూ, తాలూ అని పిలుస్తూ తిరిగారట. అక్కడ తాలంటే అందరికీ కాయలే కదా. ఏ కొట్టు తాలు కావాలయ్యా అని నవ్వారట జనం. దొరకలేదు. "దొరక్కపోయాక ఎతికానని చెప్పుకుని ఏం లాభం" అన్నారు. ఆ మూడు రోజులూ ఆయన పనికి పోయారని మీ ఇంట్లో అనుకున్నారు.

నేను ఏడుస్తుంటే ఆయన కుండలోంచి గ్లాసుడు నీళ్ళిచ్చారు. "ఎండలో రోజా ఉన్న పిల్లవి. గొంతు ఎండుకుపోతా, బోరింగు దగ్గర ఏడుసార్లు కడిగి, గుక్క తాగకుండా వచ్చావు చూడు. ఆ వయసుకి అంతే తెలుస్తది. పోనీలేమ్మా" అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది లిడియా. ఆ నీళ్ళు తాగడానికి నాకు ఎంతసేపు పట్టిందో.

వెళ్ళేటప్పుడు ఒక్కటే అడిగారు. "లిడియమ్మకి ఈ సంగతి తెలుసా?" తెలుసన్నాను. తువ్వాలుతో మొహం తుడుచుకుని, గేటు దాకా వచ్చి, బస్సు నంబరు చెప్పారు.

నువ్వు క్షమించినా క్షమించకపోయినా ఇది నీకు తెలియాలి.

నస్రత్


హైదరాబాద్
11 ఫిబ్రవరి 2007

నస్రత్,

క్రిస్మస్‌కి వెళ్ళి వారం ఉన్నాను. మొదటి రోజంతా ఆయన స్టూలు పక్కన కింద కూర్చుని బొమ్మలేసుకున్నాను. సాయంత్రం ఆయనే మొదలుపెట్టాడు. "నన్ను బొమ్మలో పెట్టావంటగా. మీసం నల్లగా పెట్టావా, తెల్లగానా" అన్నాడు. నల్లగానే నాన్నా అన్నాను. "పర్లేదు, కుర్రోణ్ణే" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. పదమూడేళ్ళ ఏడుపు ఒక్కసారే వచ్చింది. అన్నయ్య పిల్లలు భయపడిపోయారు.

అక్కడున్న ఏడు రోజులూ ఆయన పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. ముద్ద ముద్దకీ పచ్చడి కలుపుకుంటాడని, మజ్జిగలోకి కూడా ఎండుమిరపకాయ కొరుక్కుంటాడని నేను మర్చిపోయాను. నాన్న ఎలా తింటాడో మర్చిపోయానే నస్రత్. నీ మీద కోపం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ నాకూ కళ్ళున్నాయి కదా. ఆయన్ని ఒక్కసారి సరిగ్గా చూసి ఉంటే తెలిసేది. మూసుకున్నది నువ్వొక్కదానివే కాదు.

చివరి ఎపిసోడ్‌కి నీ కథ రాలేదు కాబట్టి నేనే గీశాను. చెప్పకుండా చేశానని అనుకోకు. విలన్ లేడు. మీసాలాయన ఉన్నాడు, కానీ యార్డులో తాలూ అని పిలుస్తూ తిరుగుతాడు. జనం నవ్వుతారు. పిల్లలు కూడా నవ్వుతారు, నవ్వనీ. మిగతాది రాయను, చూద్దువు గాని. సీరియల్ మొదట్లో పేర్లు వేసే చోట మన నోట్‌బుక్ మొదటి పేజీనే పెట్టించాను. నీ గుండ్రటి అక్షరాలు, నా సిరా మరక, బి సెక్షన్‌తో సహా.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి. మార్చి నాలుగు నుంచి. నాన్నని మీ ఇంటికి పంపనా చివరిదానికి? అక్కడ అన్నయ్య వాళ్ళ టీవీలో చుక్కలే వస్తాయి.

లిడియా


చీరాల
28 మే 2007

లిడియా,

నిన్న చివరిది చూశాం.

బాబాయ్ పొద్దున ఎనిమిదికే దిగారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. మా అత్తగారు కుర్చీ వేస్తే వద్దని, ముస్తాక్ కొత్తగా కుట్టిన పరుపు మీద షిరీన్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. అరడజను మంది వాడ పిల్లలు కింద. మన పేర్లున్న పేజీ రాగానే షిరీన్ "మా అమ్మ" అని లేచింది. బాబాయ్ "మా అమ్మ కూడా" అన్నారు, నీ పేరు చూపించి.

యార్డులో మీసాలాయన తాలూ అని పిలుస్తుంటే పిల్లలు నవ్వారు. బాబాయ్ కూడా నవ్వి, మీసం మీద ఒకసారి చెయ్యి వేసుకున్నారు. తర్వాత కథ వెనక్కి, తాలు పోయిన రోజుకి వెళ్ళింది, లారీ వచ్చింది. కల్లం, బస్తాల మధ్య తాలు, వెనక బోరింగు కూడా గీశావు. దాని పైపుకి కట్టిన ఎర్ర గుడ్డ నీకింకా గుర్తుందే.

పరుపు కళ్ళు మూసుకుంది. ఈ మూడు నెలలుగా పిల్లలకి అలవాటు కదా, అందరూ దానితో పాటు మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు అనగానే ఇంజను చప్పుడు.

పరుపు కళ్ళు తెరిచింది.

పిల్లల లెక్క ఆగిపోయింది. షిరీన్ ఒక్కతే అలవాటుకొద్దీ "ఆరు" అంది. అప్పటికి పరుపు లారీ వెనక పరిగెడుతోంది, చెవులు ఎగరేసుకుంటూ, దూది రాలుస్తూ. దాని వెనక మీసాలాయన, గొళ్ళెం తీయడానికి చెయ్యి చాపి.

"అమ్మా, ఏడు దాకా ఎందుకు లెక్కపెట్టలేదు?" అని అడిగింది షిరీన్. నేను మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మీ నాన్నే దాని తల నిమిరి జవాబు చెప్పారు.

"పరుపు పెద్దదైంది కదమ్మా, అందుకని."

నీ
నస్రత్